దివిసీమ దీపముల చరిత్ర

కృష్ణానది పులిగడ్డ చెంత రెండు పాయలుగా చీలి, ఆ పాయల నడుమ ఒక సీమను నిలిపి, పిమ్మట సముద్రమున కలియుచున్నది. ఆ సీమయే దివిసీమ. దానికి ఎగువన ఉత్తరముగా బందరు, ఇంకను ఎగువన గుడివాడ కలవు. మూడును ఒకే డెల్టా బిడ్డలు. ఒకే ఆనకట్ట నీరు త్రాగి బ్రతుకుచున్నవి. అయినను దీపముల విషయమున వీని చరిత్ర ఒక్కటి కాదు. గుడివాడ రైలుమార్గముల కూడలి, బందరు రేవుపట్టణము, దివిసీమ కాలువకును చివర, తీగకును చివర. శివారు చేనుకు నీరు అందరి తరువాత వచ్చి, అందరికన్న ముందు ఆగిపోవునని రైతులందరు ఎరుగుదురు. శివారు ఇంటికి విద్యుత్తును అట్లే. గాలివాన వచ్చిన రాత్రి ఈ మాట ప్రాణములతో ముడిపడిన మాట యగును. అందుచేత ఈ సీమకు వెలుగు ఏయే మార్గములలో వచ్చినదో, ఏయే వేళల పోయినదో తెలిసికొనుట అవసరము.

తీగ రాకముందు

విద్యుచ్ఛక్తి రాకపూర్వము ఈ ప్రాంతము శక్తిలేని ప్రాంతమని తలపరాదు. బందరు తీరమున ఉప్పుమళ్లలో సముద్రజలమును ఎండయే ఉప్పుగా మార్చెను. బెస్తవారి చేపలు ఇసుకతిన్నెలపై ఎండకే ఎండెను. పెడన, బందరులలో అద్దకపు బట్టలు ఎండలోనే ఆరి రంగు తేలెను. 17వ శతాబ్దమున డచ్చివారును, ఆంగ్లేయులును బందరున వర్తకశాలలు పెట్టినపుడు వారి ఓడలను తెచ్చినదియు, తీసికొనిపోయినదియు గాలియే. 1852-55 సంవత్సరముల మధ్య కాటన్ దొర సంకల్పము ననుసరించి కెప్టెన్ ఆర్ బెజవాడయొద్ద ఆనకట్ట కట్టించిన పిమ్మట, నీరు తన వాలున తానే పారి లక్షల ఎకరములను తడిపెను. ఆ కాలువలమీదనే పడవలు నడచెను. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తిరి. లేనిచో గట్టున నడచుచు త్రాటితో లాగిరి. గానుగను ఎద్దు త్రిప్పెను. పొయ్యిలో ఊకయు, పిడకయు మండెను.

ఎండ, గాలి, నీటివాలు, ఊక: నేడు పునరుత్పాదక శక్తియని పిలువబడుచున్న వానిలో ముఖ్యమైన నాలుగును ఆనాడే ఇచట పనిచేయుచుండెను. వాని లోపమెల్ల ఒక్కటే. ఎండను రాత్రికి దాచుకొనుట కాని, గాలిని గాలిలేని దినమునకు దాచుకొనుట కాని ఎవ్వరికిని తెలియదు. కనుకనే ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆముదపు దీపము, కాగడా; తరువాతి కాలమున కిరసనాయిలు లాంతరు. కూచిపూడి భాగవతులు రాత్రులంతయు కాగడాల వెలుగుననే ఆడిరి. గ్రంథాలయోద్యమము ఈ ప్రాంతమున వ్యాపించిన దినములలో పల్లెలలోని పఠనమందిరములును, రాత్రి పాఠశాలలును లాంతరు వెలుగుననే నడచెను.

ఇంజను వచ్చిన కాలము

జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపినది 1897లో. అటుపిమ్మట పదిపన్నెండు సంవత్సరములలోపుననే ఆ జాతి ఇంజనులు దివిసీమకు వచ్చినవనిన నేటివారు ఆశ్చర్యపడుదురు. ఆనకట్ట కాలువలు నదీపాయను దాటి దివికి చేరలేకపోయినందున, నదినుండి నీటిని తోడి సీమకు పారించు పంపుల పథకమును ప్రభుత్వము 20వ శతాబ్దపు తొలి దశకమున చేపట్టెను. చమురు ఇంజనులతో ఇంత పెద్దయెత్తున నీరు తోడుట అప్పటికి ఈ దేశమున క్రొత్తపని.

ఆ పథకము రెండు సంగతులను నేర్పినది. యంత్రమున్న శివారు సీమకును నీరు తేవచ్చుననుట మొదటిది. ఆ యంత్రము త్రాగు చమురు దూరదేశమునుండి రావలెననియు, అది తిరిగినంత కాలమును ఖర్చు తప్పదనియు తెలియుట రెండవది. తరువాతి కాలమున పులిగడ్డయొద్ద నదీపాయపై అక్విడక్టు ఏర్పడి, కాలువనీరు నదిని దాటి వాలున పారి దివికి చేరెను. చమురు మ్రింగు ఇంజను చేసిన పనిని ఖర్చులేని నీటివాలు చేపట్టెను. నేడు డీజిలు జనరేటరుకు బదులు సౌరఫలకములు పెట్టుటలోని లాభనష్టముల విచారణ దివిసీమలో ఆనాడే ఒకమారు జరిగినదని చెప్పవచ్చును.

పట్టణములలో విద్యుద్దీపములు వెలిగిన మొదటి విధానమును ఇంచుమించుగ ఇట్టిదే. మద్రాసు రాజధానిలోని పెక్కు పట్టణములలో ఒక్కొక్క చోట ఒక్కొక్క చమురు ఇంజను, దానికి కొన్ని వీధుల తీగలు; అంతటితో ఆ వ్యవస్థ సరి. ప్రక్క ఊరితో సంబంధము లేదు. ఇంజను ఆగిన ఊరంతయు చీకటి. ఇట్టి వానిని ఏకాకి విద్యుద్వ్యవస్థలనవచ్చును. గుడివాడ పరిసరముల ధాన్యపు మిల్లులలో కొన్ని తమ ఊకనే తాము కాల్చి ఆవిరియంత్రములను నడుపుకొనెను. 1940 దశకమునాటికే నడచుచుండిన ఉయ్యూరు చక్కెర కర్మాగారమువంటి వానికి చెరకుపిప్పియే వంటచెరకు. పల్లెలలో 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైన విజయవాడ ఆకాశవాణిని వినుటకు పంచాయతీ రేడియోలు బ్యాటరీలపై నడచెను. ఆ బ్యాటరీయే పెక్కు పల్లెలు మొట్టమొదట చూచిన నిలువచేసిన విద్యుత్తు.

ఒకే తీగ, ఒకే కుటుంబము

ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రముల ఎల్లయందలి మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయనారంభించినది. 1959 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడెను. 1969లో కేంద్రమున గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసి పల్లెలకు తీగలు లాగుటకు ఋణములిచ్చెను. 1979లో విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున బొగ్గు విద్యుత్కేంద్రపు తొలి యూనిట్టు తిరిగెను. క్రమముగా ఊరూరి ఇంజనులు మూలపడినవి. ఊళ్లన్నియు ఒకే తీగతో ముడిపడినవి.

ఈ మార్పు మేలైనదే. ఉమ్మడి కుటుంబములో ఒకరికి జబ్బుచేసిన తక్కినవారు పని అందుకొందురు. అట్లే పెద్ద గ్రిడ్డులో ఒక యంత్రము ఆగిన, వేరొక చోటి యంత్రములు భారమును మోయును. ఏకాకి ఇంజనుకు ఆ భాగ్యము లేదు. తీగ వచ్చిన పిమ్మట గుడివాడ మిల్లులు పెరిగినవి, బందరు పరిశ్రమలు పెరిగినవి, దివిలోని పల్లెలకును దీపములు వచ్చినవి. అయితే ఉమ్మడి కుటుంబమునుండి అన్నము తెచ్చు దారి తెగిపోయిన, దూరమున నున్నవాని గతి యేమి? ఆ ప్రశ్నకు సమాధానము 1977లో వచ్చెను.

నవంబరు 19

ఈ తీరమునకు ఉప్పెన క్రొత్త కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో ప్రభుత్వపు లెక్క ననుసరించియే సుమారు 10 వేలమంది పోయిరి. అంతకన్న ఎక్కువయని చెప్పినవారు పెక్కుమంది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో సముద్రము మైళ్లకొలది లోనికి వచ్చెను. ఇండ్లతోపాటు స్తంభములును, తీగలును, తంతి మార్గములును నేలకూలెను. ఏ ఊరు ఉన్నదో, ఏ ఊరు లేదో తెలియుటకే దినములు పట్టెను.

1990 మే 9వ తేదీన వచ్చిన తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారపు చెంతనే తీరము దాటెను. అప్పటికి హెచ్చరికలు ముందుగా అందినవి, లక్షలమందిని తరలించిరి, మృతులు వెయ్యికి లోపుననే యుండిరి. వార్త అందుటచేత ఎందరి ప్రాణములు నిలుచునో ఈ రెండు తుపానులను పోల్చిన తెలియును. వార్త అందవలెనన్న రేడియో మ్రోగవలెను, నేటి దినములలో ఫోను పనిచేయవలెను, ఫోను స్తంభమునకు విద్యుత్తు ఉండవలెను, తుపాను ఆశ్రయ భవనమున దీపము వెలుగవలెను. తీగ తెగిన గంటలలోనే ఇవి యన్నియు కావలసి వచ్చును. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల చెంత తీరము దాటిన మిగ్‌జాం తుపానువరకు ఈ తీరమున జరుగుచున్న కథ ఇదియే. గ్రిడ్డు మంచిదే, కాని గ్రిడ్డు తెగిన రాత్రి శివారు ఊరు తన కాళ్లపై తాను నిలువగలుగవలెను.

ఎండ మరల వచ్చుట

1973లో ప్రపంచమున చమురు ధరలు ఒక్కుమ్మడి పెరిగిన తరువాత ఎండను, గాలిని మరల తలచుకొనిరి. 1982లో కేంద్రప్రభుత్వమున సంప్రదాయేతర ఇంధనముల శాఖ ఏర్పడెను. అదే దశకమున మన రాష్ట్రమునను అట్టి సంస్థ పని ప్రారంభించెను. గోబరు గ్యాసు, సౌర వీధిదీపములు పల్లెలకు వచ్చినవి. 2017 సెప్టెంబరున ఆరంభమైన సౌభాగ్య పథకమున, తీగ చేరలేని మారుమూల ఇండ్లకు 200 నుండి 300 వాట్ల సౌరఫలకము, బ్యాటరీ, అయిదు దీపములు, ఒక పంకా ఇచ్చి, అయిదేండ్లు మరమ్మతు చూచుటకు ఏర్పాటు చేసిరి. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన సూర్యఘర్ పథకమున ఇంటికప్పుపై 3 కిలోవాట్ల ఫలకములు పెట్టుకొన్నవారికి 78 వేల రూపాయల సహాయము నిర్ణయింపబడెను.

ఇచట పాఠకులు గమనింపవలసిన మర్మమొకటి కలదు. సాధారణమైన ఇంటికప్పు ఫలకములు గ్రిడ్డు తీగతో జతపడియుండును. గ్రిడ్డు పోయిన క్షణమున వాని ఇన్వర్టరు తానే ఆగిపోవును. ఇది లోపము కాదు. స్తంభమెక్కి పనిచేయు లైనుమానుకు ఇంటివైపునుండి విద్యుత్తు తగులకుండుటకై చేసిన రక్షణ. కాని దాని ఫలితమేమనగా, తుపాను మరునాడు నెత్తిన ఎండ కాయుచున్నను, కప్పుపై ఫలకములున్నను, ఇంట దీపము వెలుగదు. వెలుగవలెనన్న బ్యాటరీయు, గ్రిడ్డునుండి ఇంటిని విడదీసి తన తీగను తాను నడుపుకొనగల ఇన్వర్టరును కావలెను. కొనునప్పుడు ఈ ఒక్క మాట అడుగనివారు తరువాత చింతింతురు.

జోడు కట్టుట

ఏకాకి వ్యవస్థలో ఎండను, ఇంజనును కలిపి నడుపుట రెండు ఎద్దులను కాడికి కట్టుటవంటిది. ఒకటి స్థిరముగా నడచునది. రెండవది మబ్బు పట్టిన నిలిచిపోవును, మబ్బు విడిన పరుగెత్తును. విద్యుత్తు సెకనుకు 50 మారులు అటునిటు ఊగుచు ప్రవహించును. వాడుక పెరిగి ఉత్పత్తి తగ్గిన ఆ లయ మందగించును. అదుపు తప్పిన వ్యవస్థయంతయు ఆగును. పెద్ద గ్రిడ్డులో ఒక మబ్బు ఎవ్వరికిని తెలియదు. నలువది ఇండ్ల లంకలో ఒక మబ్బే అందరి దీపములను రెపరెపలాడించును.

అందుచేత ఎండవాటా కొద్దిగానున్నంతవరకు ఇంజనే సర్దుకొనును. ఆ వాటా పెరిగినకొలది చిక్కు పెరుగును. డీజిలు ఇంజనును పగలంతయు తన శక్తిలో మూడవవంతుకన్న తక్కువ బరువుతో నడిపిన మసిపట్టి చెడిపోవును. దానిని పూర్తిగా ఆపవలెనన్న లయను పట్టి నిలుపుటకు బ్యాటరీయు, తగిన ఇన్వర్టరును కావలెను. అప్పుడు బ్యాటరీ కాడిని మోయును, ఎండ దానిని మేపును, ఇంజను మబ్బుదినములకై కొట్టమున నుండును. ఇదియే నేటి మిశ్రమ వ్యవస్థల సారము.

ఈ విద్యకు ఆదిగురువులలో ఒకడు డెన్మార్కు దేశపు ఉపాధ్యాయుడు పౌల్ లా కూర్. ఆయన 1891లో అస్కోవ్ అను పల్లెలోని జానపద విద్యాలయమున గాలిమరతో విద్యుత్తు పుట్టించెను. గాలిలేని రాత్రికి దాచుటకై ఆ విద్యుత్తుతో నీటిని విడదీసి హైడ్రోజను వాయువును నిలువచేసి దీపములు వెలిగించెను. ఆ వాయువు ప్రేలి కిటికీలు పగులుటయు కలదు. ఆయన అంతటితో ఆగక పల్లె యువకులకు విద్యుత్పని నేర్పుటకు తరగతులు నడిపెను. 1918 నాటికి ఆ దేశమున సుమారు 120 స్థానిక విద్యుత్కేంద్రములలో గాలిమరలు తిరుగుచుండెను. యంత్రముకన్న ముందు దానిని చూచుకొనువారిని తయారుచేయుటయే ఆయన విజయమునకు మూలము.

మన దేశమున దివిసీమకు మిక్కిలి దగ్గరి పోలిక గంగాముఖద్వారపు సుందరవనములు. అచటను లంకలు, మడ అడవులు, ఉప్పునీరు, తుపానులు. సాగరద్వీపమందలి కమల్‌పూరున 1996లో 26 కిలోవాట్ల సౌరవిద్యుత్కేంద్రము నెలకొల్పిరి. ఇట్టి కేంద్రములనుండి సాయంకాలము కొన్ని గంటలు ఇండ్లకు, అంగళ్లకు దీపములు వెలిగెను. గోసాబాలో 1997లో కట్టెనుండి వాయువు తీసి 500 కిలోవాట్ల యంత్రములను నడిపిరి. తరువాత ఆ లంకలకు గ్రిడ్డు తీగలు చేరినవి. రాత్రి నాలుగు గంటల దీపముతో తృప్తిపడినవారు పంకాను, టెలివిజనును, మిల్లును కోరిరి. కోరిక పెరుగునని ముందే లెక్కింపని కేంద్రము ఎంత మంచిదైనను నిలువలేదు. గ్రిడ్డు వచ్చిననాడు దానితో జతపడుటకు వీలుగా కట్టినదే చిరకాలము పనికివచ్చును.

బీహారు రాష్ట్రపు పశ్చిమ చంపారణ్ జిల్లాలోని తమ్‌కుహా గ్రామమున 2007లో ధాన్యపు ఊకనుండి వాయువు తీసి ఊరికి దీపములు వెలిగించిరి. ఊకకు కొదువలేని గుడివాడ ప్రాంతమువారు తెలిసికొనదగిన సంగతి ఇది. స్కాట్లండు తీరమున ఐగ్ అను చిన్నదీవి 2008 ఫిబ్రవరినుండి ఎండ, గాలి, వాగునీరు మూటిని కలిపి, బ్యాటరీతోను, ఆపత్కాలపు ఇంజనుతోను నడుచుచున్నది. అచట ఏ ఇల్లైనను ఒకే వేళ 5 కిలోవాట్లు మించి వాడరాదని దీవివారే కట్టడి చేసికొనిరి. కాలువనీటికి వంతులు పెట్టుకొను డెల్టారైతుకు ఈ కట్టడి వింతగా తోచదు.

లంకల లెక్క

కృష్ణా ముఖద్వారమున ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ మొదలగు లంకలు కలవు. వానికి ఇటీవలివరకు పడవయు, పంటుయే దారి. ఇట్టి చోటులకు తీగ లాగవలెనన్న నదీపాయను దాటవలెను, మడ అడవులను దాటవలెను. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టును. ఇండ్లు చూడబోయిన కొద్ది. మరి తమ ఎండతో తాము నిలువవలెనన్న ఎంత కావలెను?

నలువది ఇండ్ల గుడిసెపల్లె నొకదానిని ఊహింతము. ఇంటికి మూడు దీపములు, ఒక పంకా, ఫోను అనుకొనిన దినమునకు అర యూనిట్టు చాలును. మొత్తము 20 యూనిట్లు. ఒక కిలోవాటు ఫలకము ఈ తీరమున సగటున దినమునకు నాలుగు యూనిట్ల వరకు ఇచ్చును. లెక్కకు అయిదు కిలోవాట్లు చాలును; నష్టములకును, మబ్బులకును కలుపుకొని ఎనిమిది పెట్టుట మేలు. రెండు దినములు ఎండ లేకున్నను దీపములు నిలువవలెనన్న బ్యాటరీలో 40 యూనిట్లు ఉండవలెను. ఇంతవరకు కష్టము లేదు.

కాని బెస్తవానికి దీపముతోపాటు ఐసు కావలెను. ఐసు లేనిచో తెచ్చిన చేప దళారి చెప్పిన ధరకే పోవును. ఒక టన్ను ఐసు చేయుటకు ఇంచుమించు 60 నుండి 80 యూనిట్లు పట్టును. అనగా నలువది ఇండ్లకు మూడు దినములు దీపములు వెలిగించు విద్యుత్తు ఒక టన్ను ఐసుకే సరిపోవును. జీవనోపాధిని లెక్కలోనికి తీసికొనని పథకము పల్లెకు వెలుగునిచ్చియు కూడునీయదు. అయితే ఐసులో ఒక సుగుణము కలదు. ఎండ కాయునప్పుడే ఐసు చేసి దాచిన, రాత్రి బ్యాటరీకి పనియే లేదు. ఐసుగడ్డయే దాచిన ఎండ. కైకలూరు, గుడివాడ ప్రాంతపు చెరువులలో రాత్రివేళ నీటికి గాలి అందించు యంత్రముల సంగతి దీనికి విరుద్ధము. అవి తెల్లవారుజామున ఆగిన చేపలు, రొయ్యలు ఊపిరాడక చచ్చును. వానికి గ్రిడ్డు, ఇంజను, బ్యాటరీలలో రెండైన ఉండి తీరవలెను.

సముద్రపు ఆటుపోటులనుండి విద్యుత్తు తీయరాదా యని కొందరు అడుగుదురు. 1966లో ఫ్రాన్సు దేశపు రాన్స్ నదీముఖమున అట్టి కేంద్రము కట్టినమాట నిజమే. అచట పోటు సగటున ఎనిమిది మీటర్లు లేచును. బందరు తీరమున అది మనిషి ఎత్తును మించదు. కనుక ఈ సీమకు ఎండయు, ఊకయు, వానికి తోడుగా గ్రిడ్డును తగిన సాధనములు.

ఇక సాధనములను కాపాడుట. ఉప్పుగాలి తగిలిన ఫలకములను మంచినీటితో కడుగవలెను. చట్రములను గాలివానకు లేచిపోకుండ బిగింపవలెను. బ్యాటరీలను ఉప్పెన మట్టమునకు పైన, ఆశ్రయ భవనపు మేడపైన పెట్టవలెను. బ్యాటరీ కొన్నేండ్లకు చెడును. క్రొత్తది కొనుటకు నెలనెల కొంత సొమ్ము వేరుగా దాచవలెను. సహాయధనముతో వచ్చిన దీపములు పెక్కుచోట్ల ఆరిపోయినది ఎండ చాలక కాదు. ఈ సొమ్ము దాచక, మరమ్మతు తెలిసినవాడు ఊరిలో లేక. 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము గ్రామీణ ప్రాంతములలో ఇట్టి చిన్న వ్యవస్థలను లైసెన్సు లేకయే నెలకొల్పుటకు వీలు కల్పించినది. సహకార సంఘములు నడిపిన అనుభవము డెల్టాలో తక్కువేమియు లేదు.

నూరేండ్ల ఈ చరిత్రలో దివిసీమ అన్ని దీపములను చూచినది: ఆముదము, కిరసనాయిలు, డీజిలు, మాచ్‌ఖండ్ నీరు, ఇబ్రహీంపట్నపు బొగ్గు, ఎండ. ఒక్కొక్కటి వచ్చినప్పుడు వెనుకటిదానిని విడిచిరి. 1977 నేర్పిన పాఠము మాత్రము వేరు. శివారు ఊరు దేనిని విడువరాదు. దూరపు తీగయు ఉండవలెను, తన కప్పుమీది ఎండయు ఉండవలెను, ఆ రెంటిని కలిపి విడదీయు విద్య ఊరిలో ఒకరిద్దరికైన వచ్చియుండవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువపై పడవలో పుస్తకములను పెట్టి శివారు పల్లెలకు చేర్చిరి. రోడ్డు లేదని వారు ఆగలేదు. ఉన్న నీటినే త్రోవ చేసికొనిరి. అస్కోవ్ పల్లెలో దీపపు విద్య బడినుండి పుట్టినది. ఈ సీమలో అది గ్రంథాలయపు బల్లలనుండి పుట్టుటకు అడ్డేమియు లేదు. రాబోవు గాలివాన రాత్రి ఊరిలో ఒక్క దీపము మాత్రమే వెలుగుటకు వీలున్నచో, అది పదిమంది చేరి వార్త వినగల చోట వెలుగుట ధర్మము.